మా గంగమ్మ చేతిలో కలశం

మార్కాపురంలో నా చేతుల మీదుగా పెద్దవాళ్లు కానివాళ్లు తక్కువ. వయసులో కాదు, సైజులో. పుట్టినరోజు పిల్లలు, ఓణీల ఫంక్షన్ అమ్మాయిలు, పదవి వచ్చిన నాయకుడు, రాదని తెలిసినా ఆశ చావని నాయకుడు, పెద్దకర్మ నాటి పెద్దాయన, అందరినీ సెల్‌ఫోన్ ఫొటోలోంచి బయటికి లాగి గోడంత చేసి వీధిలో నిలబెట్టేది నేనే. నాకు ఫ్లెక్సీల దుకాణం ఉంది. నల్లగా ఉన్నవాళ్లను కాస్త తెల్లగా, బట్టతలలను కాస్త నిండుగా చేసి ఇస్తాను. ఎవరూ కాదనలేదు. దాంతో నేను చిత్రకారుణ్ణనే నమ్మకం నాలో బలంగా నాటుకుపోయింది. కాగితం, పెన్సిలూ ఇచ్చి పిల్లిని గీయమంటే మాత్రం అది కుందేలో కుక్కో చూసేవాళ్లే చెప్పాలి.

ఈ చిత్రకారుడు ఒకసారి మా ఇంటి గంగమ్మ బొమ్మను బాగుచేశాడు. ఆ కథ ఇది.

ముందు బొమ్మ సంగతి చెప్పాలి. ఒడిలో పెట్టుకుంటే ఒడి నిండేంత పటం. రంగులుండవు. సన్నటి నల్లగీతలతో అచ్చువేసిన పాతకాలపు బొమ్మ. దొరల దేశంలో ఎప్పుడో వచ్చిన పెద్ద వరదను చూపించే బొమ్మ అని ఇప్పుడు తెలుసు. కింద ఏవో మాటలు అచ్చయి ఉండేవట కాని, ఆ ముక్కను మా తాత కాలంలోనే చెదలు తిన్నాయి. మాకు చదువు వచ్చేసరికి చదవడానికి ఏమీ మిగల్లేదు.

తాత దాన్ని దొనకొండలో కొన్నాడు. అక్కడ రైల్వే దొర ఒకాయన బంగళా ఖాళీ చేస్తూ సామాను అమ్మేస్తుంటే, పడక్కుర్చీ తెస్తానని ఇంట్లో చెప్పి పోయినాడు. తిరిగి వచ్చినప్పుడు నెత్తి మీద కుర్చీ లేదు, ఈ పటం ఉంది. మా అవ్వ అడిగితే, "నీళ్లు చూసినాక కుర్చీ మీద మనసు పోలేదే" అన్నాడట. ఆ మాట మెట్టపొలం చేసుకునేవాళ్లకు అర్థమవుతుంది. ఆ బొమ్మనిండా నీళ్లే మరి. అంచు నుంచి అంచు దాకా నీళ్లు. తాత తన జన్మలో అన్ని నీళ్లు ఒకచోట చూసి ఉండడు.

ఆ నీళ్ల మధ్యలో నడుం దాకా మునిగి ఒక ఆడమనిషి. కుడిచెయ్యి పైకెత్తి అరచెయ్యి చూపిస్తోంది. ఎడమచేతిలో గుండెకు ఆనించి ఏదో పట్టుకుంది. పక్కనే నీళ్లలో పొడుగ్గా ఒకటి తేలుతోంది. దూరంగా ఒక శిఖరం, నీళ్లలోంచి మొన మాత్రం పైకి కనిపిస్తుంది. ఇళ్లకప్పుల మీద జనం, చేతులెత్తి నిలబడ్డారు. మా తాత అర్థం చెప్పడంలో ఆరితేరినవాడు. ఎత్తిన చెయ్యి అభయం. ఎడమచేతిలోది కలశం. పక్కన తేలేది మొసలి, అంటే గంగమ్మ వాహనం. శిఖరం గుడి గోపురం. కప్పుల మీద ఉన్నది భక్తులు. దొరల ఇంట్లో గంగమ్మ ఎందుకుంటుందని ఎవరో అడిగితే, "నీళ్లు లేకుండ దొరలైనా ఎట్ల బతుకుతారురా" అన్నాడట.

పటం ఇంటికి వచ్చిన వారంలోనే వాన దంచి కొట్టి మోటబావి నోటిదాకా నిండింది. అంతే. ఒక్క వాన మా ఇంట్లో మూడు తరాలకు సరిపడా నమ్మకం పోసి పోయింది. ఆ తర్వాత ఎన్ని ఏళ్లు ఎండినా గంగమ్మ తప్పు కాలేదు. మేం సరిగా అడగలేదేమో అనుకున్నాం.

నాయన కాలానికి మోటబావి పోయి బోరు వచ్చింది. మా వైపు బోరు వేయించడమంటే పెళ్లి చేసినంత పని. టెంకాయ అరచేతిలో పెట్టుకొని ఒకాయన చేనంతా తిరుగుతాడు. అది ఎక్కడ లేచి నిలబడితే అక్కడ గుర్తు. అక్కడికి అందరూ చేసేదే. మా ఇంటి ఆచారం ఒకటి అదనం. నాయన తలకు తువ్వాలు చుట్టుకొని, గంగమ్మ పటం నెత్తిన పెట్టుకొని చేనుకు నడిచేవాడు. బోరు బండికి ఎదురుగా దాన్ని నిలబెట్టి, నుదుటికి, ఎత్తిన చేతికి, కలశానికి బొట్లు పెట్టి, "కలశం కొంచెం వంచు తల్లీ" అని మొక్కేవాడు. బండి మొదలయ్యేది. కాసేపటికి రంధ్రంలోంచి తెల్లటి పొడి ఎగిరి అందరి మీదా పడేది. గంగమ్మ మీద కూడా పడేది. నాయన తువ్వాలు విప్పి ఆమె మొహం తుడిచి, "ఈసారికి కుదరలేదులే, నువ్వేం చేస్తావు" అని ఆమెనే ఓదార్చి ఇంటికి మోసుకొచ్చేవాడు. అట్లా ఏళ్ల తరబడి పెట్టిన బొట్ల కింద ఆమె మొహమూ, చేతిలోదీ పూర్తిగా కనిపించకుండా పోయినాయి. నేను పుట్టి బుద్ధెరిగేసరికి గంగమ్మంటే మూడు ఎర్రటి ముద్దలు, మిగతా అంతా నీళ్లు.

నా భార్యది సముద్రం ఒడ్డు ఊరు. ఆమె చిన్నాన్న మా వైపు బడిపంతులుగా చేసేటప్పుడు కుదిరిన సంబంధం. పెళ్లిలో మా వియ్యాలవారు నన్ను ఆడుకున్నారు. "మీ ఊళ్లో అల్లుడొస్తే కాళ్లు కడగడానికి నీళ్లిస్తారా, లేకపోతే తువ్వాలిచ్చి దులుపుకోమంటారా" అని ఒకాయన అడిగాడు. పందిరంతా నవ్వింది. నేనూ నవ్వాను, కాని ఆ మాట లోపల ముల్లులా ఉండిపోయింది. ఎప్పటికైనా వీళ్ల ముందు నీళ్ల విషయంలో తలెత్తుకోవాలని ఆరోజే అనుకున్నాను. ఇంత చిన్న పగను ఇన్నేళ్లు మోసినవాడు జిల్లాలో ఇంకొకడు ఉండడు.

పెళ్లయిన కొత్తలో నా భార్య అన్నం వడ్డిస్తూ ఒక మాట చెప్పింది. తనకంటే ముందు ఒక అన్నయ్య ఉండేవాడని, ఇంకా నడక కూడా రాని వయసులో ఉప్పెనలో పోయాడని, వాళ్లమ్మ చేతుల్లోంచే పోయాడని. అయ్యో అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. తర్వాత పెరుగన్నం కలుపుకున్నాను. ఉప్పెనంటే నాకు పేపర్లో చదివిన మాట. నీళ్లు మనిషి కోసం ఇంట్లోకి వస్తాయంటే నమ్మడానికి నా ఒంట్లో చోటు లేదు. మేం ట్యాంకర్ కోసం బిందెలు పట్టుకొని వీధిలో నిలబడి పెరిగినవాళ్లం.

అత్తగారింట్లో ఒక వింత ఉండేది. అన్నీ పైనే. బియ్యం, బట్టలు, పాసుపుస్తకాలు, పచ్చడి జాడీలు, అన్నీ అటక మీద. దేవుడి పటాలు కూడా మెడ వంచి చూడాల్సినంత పైన. నేను పోయినప్పుడల్లా, "అత్తయ్యా, మీ ఇంట్లో ఉప్పు కావాలన్నా నిచ్చెన ఎక్కాల్సిందే" అని హాస్యమాడేవాణ్ణి. "అలవాటైపోయింది అల్లుడుగారూ" అని ఆమె నవ్వేది. ఆ అలవాటు ఎక్కడిదని నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నా హాస్యం నాకు అంత బాగా నచ్చేది.

మామగారు పోయాక అత్తయ్య ఒక్కతే రెండు గేదెలతో ఆ ఇంట్లో ఉండిపోయింది. గట్టి మనిషి. ఇబ్బందల్లా టీవీలో వాయుగుండం అన్న మాట వినిపించినప్పుడే. ఆ మాట వింటే నా భార్య పొయ్యి ఆపేస్తుంది. ఫోన్ చేస్తుంది, కలవదు. మళ్లీ చేస్తుంది. బడి బిల్డింగులోకి చేర్చారని ఎవరో చెప్పేదాకా మా ఇంట్లో ముద్ద దిగదు. "మా దగ్గరికి వచ్చెయ్యమ్మా" అంటే, "కూతురింట్లో తిష్ట వేస్తే నలుగురూ ఏమనుకుంటారే" అని అత్తయ్య మాట తప్పించేది. ఏడాదికోసారి ఈ మాట, ఏడాదికోసారి ఈ జవాబు.

మేం మార్కాపురంలో ఇల్లు కట్టుకున్నప్పుడు నా భార్య ఒక గది వాళ్లమ్మ పేరుతో కట్టించింది. గది సిద్ధమైంది కాని అమ్మ సిద్ధం కాలేదు. అంతలో ఒక గాలివానకు గేదెల కొట్టం కూలింది. అత్తయ్య గేదెలను పక్కింటివాళ్లకు అప్పజెప్పి, "గృహప్రవేశానికి వస్తాను. వచ్చి చూస్తాను. ఉండబుద్ధయితే ఉంటాను, లేదంటే వెనక్కి పంపెయ్యాలి" అన్నది. ఇన్నేళ్లలో ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి సగం ఒప్పుకోలు అది. నా భార్య ఆరోజు నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"మా అమ్మ ఉండిపోవాలి. దానికోసం మీరేం చెయ్యొద్దు. అసలు ఏమీ చెయ్యకుండా ఉంటే చాలు, అదే పదివేలు."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. మా ఊళ్లో అడుసూ ఉండదు, కడగడానికి నీళ్లూ ఉండవు కాబట్టి ఆ సామెత నాకు అబ్బలేదు.

నిజానికి ఆ పాటికే నా తల తిరిగి ఉంది. కొత్త ఇంట్లో వేసిన బోరులో నీళ్లు పడ్డాయి. నాయన పల్లె నుంచి గంగమ్మను ఆటోలో తెచ్చి బండి ముందు నిలబెట్టినాడు. తెల్లపొడి ఎగిరింది, ఎగిరి ఎగిరి బురదయింది, బురద నీళ్లయింది. నాయన ఆ బురదనీళ్లు దోసిట్లో పట్టుకొని, వాటిని నా నెత్తిన చల్లినాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడే నిర్ణయం చేసుకున్నాను. మా గంగమ్మను గోడంత చేసి, రంగులు వేసి, హాల్లో నిలబెట్టాలి. తువ్వాలిచ్చి దులుపుకోమంటారా అని అడిగిన వియ్యాలవారంతా దాని కింద కూర్చొని భోంచేయాలి.

పటాన్ని దుకాణానికి తీసుకుపోయి, అద్దం మీది బొట్లన్నీ తడి దూదితో మెల్లగా తుడిచాను. మొహం బయటపడింది. అద్దం ఊడదీసి, స్కాన్ చేసి తెర మీద పెద్దది చేస్తే, ఇన్నేళ్లుగా మేం మొక్కిన మనిషిని మొదటిసారి దగ్గరగా చూశాను. నోరు తెరుచుకొని ఉంది. దేవత నోరు తెరిచి ఉంటే బాగుండదని మూసేశాను. మైకుల ముందు ఫొటో దిగిన నాయకులకు నేను రోజూ చేసే పనే అది. కళ్లు మరీ పెద్దవై ఉన్నాయి, కొంచెం తగ్గించి కాటుక పెట్టాను. జుట్టు మొహానికి అతుక్కుపోయి ఉంది. సర్ది కిరీటం పెట్టాను. ఆకాశం నల్లగా మబ్బులు పట్టి ఉంటే తీసేసి, దసరా ఫ్లెక్సీలో మిగిలిన సూర్యోదయం అక్కడ అతికించాను. మొసలికి కన్ను సరిగా లేదని కన్ను పెట్టాను. అది మొసలి కాదు, కొట్టుకుపోతున్న దుంగ అని చెప్పే కన్ను అప్పటికి నాకు లేదు. ఎడమచేతిలో కలశం గుడ్డలో చుట్టినట్టు మెత్తగా, ఆకారం లేకుండా ఉంది. పాతకాలం అచ్చు కదా, చెరిగిపోయి ఉంటుందనుకున్నాను. గుండ్రంగా దిద్ది మంచి బంగారు రంగు పోశాను. మీద ఒక కొబ్బరికాయ కూడా పెట్టాను.

అయిపోయాక వెనక్కి జరిగి చూసుకుంటే నాకే దండం పెట్టుకోవాలనిపించింది. కింద ఒక మూల నా దుకాణం పేరు కూడా వేశాను. గృహప్రవేశానికి వచ్చినవాళ్లు అడుగుతారు కదా.

ఇనుప ఫ్రేముకు బిగించి హాలు గోడకు మరలు కొట్టించి, పైన దుప్పటి కప్పాను. ఆ గోడ సరిగ్గా అత్తయ్య గదికి ఎదురు. దుప్పటి కింద ఏముందని నా భార్య అడిగింది. సర్‌ప్రైజ్ అన్నాను. "మీ సర్‌ప్రైజులంటే నాకు భయం" అని, పని తొందరలో వెళ్లిపోయింది.

అత్తయ్య ముందురోజే రైలు దిగింది. ఒక చేతిసంచి, ఒక తాటాకు బుట్టలో నాలుగు కొబ్బరికాయలు. ఇల్లంతా తిరిగి చూసింది. తన గదిలో మంచం మీద కూర్చుని, గోడ మీద చెయ్యి వేసి చూసి, "పొడిగా ఉందే" అన్నది. చెమ్మ లేదని మెచ్చుకుందని అప్పుడు తెలీలేదు. నీళ్లు లేవని ఎత్తిపొడిచిందేమో అనుకున్నాను. రేపు చూద్దువుగాని అత్తయ్యా అని మనసులో అనుకొని మీసం సవరించుకున్నాను.

పొద్దున పాలు పొంగించారు. పూజ అయింది. మా వాళ్లు, వాళ్ల వాళ్లు హాలు నిండా ఉన్నారు. నాయన హారతి పళ్లెం పట్టుకొని సిద్ధంగా నిలబడ్డాడు. ఆయనకు మాత్రమే ఈ రహస్యం తెలుసు. నేను సినిమా వాళ్ల పద్ధతిలో ఒక చెయ్యి గాల్లోకి ఊపి దుప్పటి లాగాను.

మొదట అబ్బా అన్నారు. ఆ తర్వాత చప్పట్లు. "సల్లగా చూడు తల్లీ" అని నాయన కర్పూరం వెలిగించి గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టాడు. నేను వియ్యాలవారి వైపు తలెత్తి చూశాను. ఇన్నేళ్ల తర్వాత తలెత్తాను కాబట్టి బాగా ఎత్తి చూశాను.

అత్తయ్య జనంలోంచి ముందుకు వచ్చింది. దండం పెట్టుకోవడానికనుకొని అందరూ దారి ఇచ్చారు. ఆమె అమ్మవారి మొహం చూడలేదు. కిరీటం చూడలేదు. తిన్నగా వెళ్లి బంగారు కలశం మీద చెయ్యి పెట్టింది.

"ఇదేంటి అల్లుడుగారూ?"

"కలశం అత్తయ్యా."

"మీరు చేసిందా?"

"లేదు, బొమ్మలోదే. రంగు వేశానంతే."

ఆమె ఆ ఎడమచేతి వేళ్ల మీద తన వేలు నడిపించింది. నేను మొహం మార్చాను, జుట్టు మార్చాను, ఆకాశం మార్చాను. ఆ చెయ్యి మాత్రం బాగానే ఉందని వదిలేశాను.

"కలశాన్ని ఇలా పట్టుకోరండి" అన్నది అత్తయ్య. గొంతు మామూలుగానే ఉంది. "చూడండి, చెయ్యి కిందికంటా పోయి మెడ దగ్గర ఆగింది. మెడ నిలవని బిడ్డని పట్టుకునే తీరు ఇది. ఈ పై చెయ్యి దీవించే చెయ్యి కాదు. కప్పు మీద ఉన్నవాళ్లని పిలుస్తోంది, ఎవరన్నా అందుకుంటారేమోనని."

మా అమ్మాయి చేతిలో ఫోన్ వీడియో తీస్తూనే ఉంది. నా భార్య వెళ్లి దాన్ని కిందికి దించింది.

"నేనూ ఇలాగే పట్టుకున్నాను" అన్నది అత్తయ్య. "ఎత్తిన చెయ్యి నొప్పి పుట్టలేదు. ఈ చెయ్యే లాగేసింది."

నాయన చేతిలో కర్పూరం దానంతటదే ఆరిపోయింది. ఆయన పళ్లెం పక్కన పెట్టి, దేవుడి గదిలోంచి అసలు పటం తెచ్చి, వాకిట్లో ఎండలోకి పట్టుకుపోయినాడు. నేను బొట్లు తుడిచాక ఆయన దాన్ని మళ్లీ చూడలేదు. పంచె చెంగుతో అద్దం తుడిచి చాలాసేపు చూసినాడు. నేను ఆయన భుజం మీదుగా చూశాను. నోరు తెరిచి ఉంది. జుట్టు మొహానికి అతుక్కొని ఉంది. చేతిలో గుడ్డల మూట, ఆ మూటలోంచి గోరంత చెయ్యి బయటికి ఉంది. దుకాణంలో ఆ చెయ్యిని నేను అచ్చు మరక అనుకొని చెరిపేశాను.

"మునిగిపోయేదాన్ని పట్టుకొని నీళ్లియ్యమని అడిగినాం గదరా" అన్నాడు నాయన. "మా నాయన అడిగినాడు, నేను అడిగినాను. కలశం వంచమన్నా గదరా ఆ తల్లిని."

ఏదో ఒకటి చేయాలనిపించి, లోపలికి పరిగెత్తి ఫ్లెక్సీని పీకబోయాను. నేనే దగ్గరుండి కొట్టించిన మరలు. తుఫాను వచ్చినా కదలకూడదని చెప్పి మరీ కొట్టించాను. అవి కదల్లేదు. బలంగా లాగితే పైభాగం చిరిగి కిరీటం, సూర్యోదయం, నేను మూసిన నోరు నా చేతికి వచ్చాయి. కింద సగం గోడకే ఉండిపోయింది, నీళ్లు, ఆ చెయ్యి, బంగారు ముద్ద, మూలన నా దుకాణం పేరు. అందరి ముందు ఒక దేవత తలకాయ చంకలో పెట్టుకొని నిలబడ్డాను.

"అల్లుడుగారూ, ముందు వచ్చినవాళ్లకి భోజనాలు పెట్టండి" అన్నది అత్తయ్య. ఆ ఇంట్లో ఆ పూట బుర్ర పనిచేసింది ఆమె ఒక్కదానికే.

మిగిలిన సగం మీద దుప్పటి కప్పి భోజనాలు పెట్టాం. బొబ్బట్ల మీద నెయ్యి వేయించుకుంటూ మా పిన్ని కొడుకు, జరిగింది సరిగా వినలేదు కాబోలు, "కిరీటం బాగా కుదిరినాది అన్నా, మా ఇంటికీ ఒకటి కొట్టియ్యి" అన్నాడు. వడ్డిస్తున్న నా భార్య నా విస్తరి దాటి పోయింది. పప్పు నేనే వేసుకున్నాను.

నాలుగింటికల్లా చుట్టాలు సర్దుకున్నారు. అత్తయ్య చేతిసంచి గది గుమ్మం పక్కనే ఉంది, విప్పనే లేదు. నేను కారు తాళం జేబులో వేసుకొని, స్టేషన్‌కు పోవాల్సిన దారంతా ఆమెకు ఏం చెప్పాలా అని వసారాలో తిరుగుతున్నాను. నా భార్య వంటగదిలో గిన్నెల మీద కోపం తీర్చుకుంటోంది. ఆ గిన్నెలు నా బదులు దెబ్బలు తింటున్నాయి.

నాయన వసారాలో కుర్చీలో కూర్చున్నాడు, ఒడిలో పటం. అత్తయ్య వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంది.

"ఏమనుకోవద్దు చెల్లెమ్మా" అన్నాడు నాయన. "మాకు తెలవలేదు. నీళ్లు చూస్తే మాకు దేవుడే కనపడతాడు."

"మీరేం చేస్తారు అన్నయ్యగారూ" అని, వాకిట్లోకి చూసి ఆమె అడిగింది. "ఇక్కడ వానలు బాగా పడతాయా?"

నాయన సిగ్గుపడ్డాడు. ఇంటికొచ్చిన మనిషికి పెట్టడానికి ఏమీ లేనప్పుడు పడే సిగ్గు అది. "యాడ పడతాయమ్మా. మబ్బు వస్తాది, పోతాది."

"దగ్గర్లో ఏరు ఉందా?"

"గుండ్లకమ్మ ఉంది. పేరుకే. ఎద్దు గిట్ట తడవదు."

"సముద్రం?"

"అది శానా దూరం."

"గాలి కొడితే ఇంట్లోకి నీళ్లొచ్చిన రోజు ఎప్పుడన్నా ఉందా?"

"మా ఇండ్లలోకి నీళ్లా" అని నాయన నవ్వబోయి ఆపుకున్నాడు. "బిందెతో మోసుకొస్తే తప్ప రావు చెల్లెమ్మా."

అత్తయ్య తల ఊపింది. వాళ్ల ఊళ్లో పిల్లనిచ్చేటప్పుడు అడిగే ప్రశ్నలన్నీ అడిగినట్టు, జవాబులన్నీ నచ్చినట్టు ఊపింది. మా నేలను తిట్టనివాణ్ణి నేను చూడలేదు, నాతో సహా. దాని గురించి అడిగి ఒక మనిషి మొహం తేటపడటం అదే మొదటిసారి చూశాను.

నాయన పటం వైపు చూసినాడు. "ఇంక దీన్ని పూజలో పెట్టలేను. ఇంతకాలం బొట్టు పెట్టిన పటాన్ని ఊరికే పారేయకూడదు. మా పద్ధతి ప్రకారం పారే నీళ్లలో కలపాల. వానకాలం కాలవలో నీళ్లొచ్చినాక..."

"మళ్లీ నీళ్లలోనా?" అన్నది అత్తయ్య.

నాయన పటం మీంచి చేతులు తీసేసినాడు.

ఆమె చేతులు చాచి పటం తీసుకుంది. ఒడిలో పెట్టుకుని, గుడ్డల మూట ఉన్నచోట అద్దం మీద బొటనవేలు ఆనించింది. ఇందాక హాల్లో తొణకని మనిషి, అప్పుడు ఏడ్చింది. చప్పుడు లేకుండా ఏడ్చింది. నాయన కండువాతో మొహం కప్పుకున్నాడు. నేను కారు తాళం జేబులో అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాను. నాకు ఆ పిల్లాడి కోసం ఏడుపు వచ్చింది. పెరుగన్నం కలుపుకుంటూ విన్న పిల్లాడు.

చివరికి అత్తయ్య కొంగుతో కళ్లు తుడుచుకుని లేచింది.

"అల్లుడుగారూ, మేకు, సుత్తి ఉన్నాయా? దీన్ని నా గదిలో పెట్టండి."

వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగింది. నా గది అన్న మాట నేను విన్నాను, నాయన విన్నాడు, అక్కడ గిన్నెలు తోముతున్న మనిషి కూడా విన్నది. చేతుల నిండా సబ్బు నురగతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పొద్దున్నుంచి నాతో మాట్లాడనిది, "స్టూలు నేను పట్టుకుంటాను, ఎక్కండి" అన్నది.

నేను స్టూలు ఎక్కాను. పటం ఎక్కడ బాగుంటుందో నాకు తెలుసు. చూసేవాళ్ల కళ్లకు సమానంగా ఉండాలి, అది మా వృత్తిలో మొదటి పాఠం. అక్కడ మేకు పెట్టి సుత్తి ఎత్తాను.

"పైకి" అన్నది అత్తయ్య.

కొంచెం పైకి జరిపాను.

"ఇంకా పైకండి."

కిటికీ పై అంచు దాటాను. కాలివేళ్ల మీద లేచాను. అంత పైన పెడితే ఎవరికి కనిపిస్తుంది, నిచ్చెనేసుకుని చూడాలా అత్తయ్యా అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఉప్పు గుర్తొచ్చింది, అటక గుర్తొచ్చింది, మెడ వంచి చూడాల్సిన దేవుళ్లు గుర్తొచ్చారు. మింగేశాను.

"ఇంకా?" అని అడిగాను.

"ఇంకా."

శ్లాబుకు ఆనుకునేదాకా జరిపి అక్కడ కొట్టాను. ఆమె అందించిన పటాన్ని తగిలించి, వంకర సరిచేసి కిందికి చూశాను. అత్తయ్య నేల వైపు చూసింది, గోడ వెంట పైకి చూసింది, కళ్లతో ఏదో కొలుచుకుంది.

"చాలు, అంతవరకు రావు" అని, గుమ్మం పక్కనున్న సంచి తెచ్చి మంచం మీద పెట్టి విప్పడం మొదలుపెట్టింది.